ఒక్కో ఫీతీ వెనుక ఏళ్ల చెమట
సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా... మాజీ సైనికుల జ్ఞాపకాల్లో పదోన్నతుల మెట్లు

తాడేపల్లిగూడెం: పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అన్న పేరు ఊరకే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని గ్రామస్థులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇలాంటి ఊళ్లలో మాజీ సైనికుడిని ఇంటిపేరుతో కంటే హోదాతోనే గుర్తుపడతారు. సుబేదారు గారి ఇల్లు ఎక్కడంటే చిన్నపిల్లవాడైనా దారి చూపిస్తాడు. వినేవారికి అది మర్యాదగా పిలిచే పిలుపు మాత్రమే. ఆ హోదా సంపాదించిన వ్యక్తికి మాత్రం అది సగం జీవితం. ఎన్నేళ్లకు ఇంటికి తిరిగి వస్తాడు, ఎంత పింఛనుతో వస్తాడు, పిల్లల చదువులు పూర్తయ్యే నాటికి చేతిలో ఉద్యోగం ఉంటుందా లేదా అన్నది నిర్ణయించేది ఆ హోదాయే. అందుకే మాజీ సైనికులు నలుగురు కలిస్తే యుద్ధం ముచ్చట్లకంటే ముందు ‘ఫీతీ ఎప్పుడు పడింది’ అన్న మాట వస్తుంది. చొక్కా చేతిపై కుట్టే ‘వి’ ఆకారపు పట్టీనే సైనికుల భాషలో ఫీతీ అంటారు.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ మెట్ల లెక్క మారిపోయింది. సైన్యంలో చేరాలనుకునే యువకులు, వారి తల్లిదండ్రులు పాత లెక్కనూ కొత్త లెక్కనూ కలిపి పొరపడుతున్న సందర్భాలు గ్రామాల్లో తరచూ కనిపిస్తున్నాయి. తాతలు, తండ్రులు ఎక్కిన మెట్లేమిటి, ఇప్పటి యువకుడి ముందున్న దారేమిటి అన్నది విడివిడిగా తెలుసుకోవడం అవసరం.

ఉస్తాద్ చేతిలో తొలి పాఠం

తెలుగు యువకులు శిక్షణకు వెళ్లే కేంద్రాలు ప్రధానంగా దక్షిణాదిలోనే ఉన్నాయి. పదాతి దళంలో చేరినవారికి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఉంది. 1758 నాటి మూలాలున్న ఈ రెజిమెంటులో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు కలిసి పనిచేస్తారు. ‘వీర మద్రాసి, అడి కొల్లు అడి కొల్లు’ అన్నది వీరి యుద్ధ నినాదం. ఇంజినీరింగ్ దళంలో చేరినవారికి బెంగళూరులో మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ కేంద్రం ఉంది. 1780లో ఏర్పడిన ఈ దళ సైనికులను ‘తంబీ’లని పిలుస్తారు. శతఘ్ని దళంలో చేరినవారికి హైదరాబాద్‌లో ఆర్టిలరీ సెంటర్, మరమ్మతుల దళానికి, ఆయుధ భాండార దళానికి ఎంపికైన వారికి సికింద్రాబాద్‌లో కేంద్రాలు ఉన్నాయి.

పాత విధానంలో పదాతి దళ రంగరూటు శిక్షణ అటూఇటుగా తొమ్మిది నెలలు సాగేది. నిన్నటిదాకా పొలం గట్టున తిరిగిన కుర్రవాడికి అక్కడ ఎదురయ్యే మొదటి వ్యక్తి ఉస్తాద్. అంటే శిక్షణ ఇచ్చే హవల్దారో నాయకో. తెల్లవారకముందే లేవడం, రోజూ గడ్డం గీసుకోవడం, మంచంపై దుప్పటి ముడత లేకుండా పరవడం, ట్రంకు పెట్టెలన్నీ ఒకే వరుసలో ఉంచడం... తుపాకి పట్టడానికి ముందు నేర్పేవి ఇవే. చిన్న తప్పుకు ‘రగడా’ ఉంటుంది. వీపున బరువైన ‘పిట్టూ’ సంచితో మైదానం చుట్టూ పరుగు, నేలపై పల్టీలు అందులో భాగం. ఆ రోజుల్లో ఉస్తాద్‌ను మనసులో తిట్టుకోని రంగరూటు ఉండడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఉస్తాద్‌ను తలుచుకుని చేతులు జోడించని మాజీ సైనికుడూ అరుదు.

తెలుగువారికి తొలి నెలల్లో మరో పెద్ద పరీక్ష భాష. కవాతు ఆదేశాలన్నీ హిందీలోనే ఉంటాయి. ‘సావధాన్’, ‘విశ్రామ్’, ‘దాయే ముడ్’ అన్నవి అర్థం తెలియకముందే కాళ్లకు అలవాటవుతాయి. ఎవరికైనా రాని మాటకు పక్కవాడిని చూసి అడుగు వేయడమే దిక్కు. వంటశాల ‘లంగర్’ కావడం, ఆయుధాగారం ‘కోత్’ కావడం, అందరూ కలిసి తినే విందు ‘బడాఖానా’ కావడం అప్పటి నుంచే. ఆ మాటలు పింఛను తీసుకునే వయసులోనూ నోటిని వదలవు.

శిక్షణ ముగింపులో జరిగే ‘కసమ్ పరేడ్’ ఆ తొమ్మిది నెలల కష్టానికి పతాక సన్నివేశం. జాతీయ పతాకం సాక్షిగా, తమ మత గ్రంథంపై ప్రమాణం చేసిన తర్వాతే రంగరూటు సిపాయి అవుతాడు. అక్కడి నుంచి పల్టన్‌కు ప్రయాణం. ఇంటికి రాసే ఉత్తరంపై ఊరి పేరుండదు. ‘56 ఏపీఓ’ అనో, ‘99 ఏపీఓ’ అనో మాత్రమే ఉంటుంది. కొడుకు ఏ మంచుకొండల్లో ఉన్నాడో, ఏ ఎడారిలో ఉన్నాడో తెలియకుండానే ఎందరో తల్లులు ఆ అంకెను కంఠతా పట్టారు.

తుపాకిని బట్టి తరం

మాజీ సైనికుడు ఏ తరం వాడో తెలుసుకోవడానికి ఆయన చేతపట్టిన తుపాకి పేరు అడిగితే చాలు. 1962 చైనా యుద్ధం నాటివారికి పాయింట్ 303 రైఫిల్ గుర్తు. 1971 యుద్ధం నాటివారికి ఎస్‌ఎల్‌ఆర్. 1999 కార్గిల్ తరానికి ఇన్సాస్. ఆయుధం మారినా శరీరానికి పెట్టే పరీక్ష మారలేదు. రైఫిలు, వీపు సంచి సహా పూర్తి బరువుతో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, 9 అడుగుల గొయ్యి దూకడం సర్వీసు పొడవునా వెంటాడే పరీక్షలే. నలభై ఏళ్లు పైబడిన హవల్దారు కూడా తన వయసుకు నిర్దేశించిన సమయంలో ఆ పరుగు పూర్తిచేయవలసిందే.

మూడు ఫీతీలు, ఆపై నక్షత్రాలు

సిపాయి చేతిపై ఏ గుర్తూ ఉండదు. లాన్స్ నాయక్‌కు ఒక ఫీతీ, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. సిపాయినే శతఘ్ని దళంలో గన్నర్ అని, ఇంజినీరింగ్ దళంలో శాపర్ అని, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్ అని అంటారు. యుద్ధ ట్యాంకుల దళంలో హవల్దారుకు దఫేదార్ అని, సుబేదారుకు రిసాల్దార్ అని పేర్లు.

హవల్దారు దాటితే భుజంపైకి నక్షత్రం వస్తుంది. నాయబ్ సుబేదారుకు ఒకటి, సుబేదారుకు రెండు. సుబేదార్ మేజర్ భుజంపై మూడు సింహాల జాతీయ చిహ్నం ఉంటుంది. ఈ మూడు హోదాల వారిని జూనియర్ కమిషన్డ్ అధికారులంటారు. నాయబ్ సుబేదారును 1965 వరకు జమాదార్ అని పిలిచేవారు. పాత తరం కుటుంబాల్లో ‘జమాదారు తాత’ అన్న మాట ఇంకా వినిపించడానికి కారణం ఇదే. నాయబ్ సుబేదారు కాగానే కింది వారందరూ ‘సాహెబ్’ అని సంబోధిస్తారు. నిన్నటి వరకు పేరుతో పిలిచిన తోటివాడు సైతం ఆ రోజు నుంచి ‘సాహెబ్’ అనడం సైన్యంలో మర్యాద.

ఎర్ర సిరా భయం

ఫీతీ సర్వీసుతో పాటు తనంతట తాను రాదు. సైనిక విద్యా ధ్రువపత్రాలు, మ్యాప్ రీడింగ్ పరీక్ష, పదోన్నతి కేడర్ శిక్షణ పూర్తిచేయాలి. ఆరోగ్య శ్రేణి బాగుండాలి. మోకాలికి దెబ్బ తగిలి ఆరోగ్య శ్రేణి తగ్గితే పదోన్నతి దారి ఇరుకవుతుంది. అన్నింటికంటే సైనికుడు భయపడేది రికార్డులో ఎర్ర సిరాతో నమోదయ్యే శిక్షకు. సెలవు ముగిసినా సకాలంలో తిరిగి చేరకపోవడం వంటి తప్పు ఒకటి అలా నమోదైతే దాని నీడ ఏళ్ల తరబడి వదలదు. కోతలు చూసుకునో, చెల్లెలి పెళ్లి ముగించుకునో నాలుగు రోజులు ఆలస్యంగా రైలెక్కినవారికి దాని ధర బాగా తెలుసు.

ఒకే రోజు భర్తీ అయిన ఇద్దరు మిత్రుల్లో ఒకరు సుబేదారుగా, మరొకరు నాయక్‌గా విరమించడం గ్రామాల్లో సాధారణం. రెండోవాడు అసమర్థుడని దాని అర్థం కాదు. పదోన్నతి ఖాళీలు దళాన్ని, యూనిట్‌ను, ట్రేడ్‌ను బట్టి ఉంటాయి. పైనున్నవారు విరమిస్తేనే కిందివారికి చోటు దక్కుతుంది. సుబేదార్ మేజర్ పదవి యూనిట్‌కు ఒక్కటే ఉంటుంది. వందల మందితో మొదలైన వరుసలో చివరి మెట్టు చేరేది ఒక్కరే.

పదోన్నతి దక్కని వారికి ఊరటగా 8, 16, 24 ఏళ్ల సర్వీసుకు పై హోదా వేతన స్థాయి కల్పించే విధానం ఆరో వేతన సంఘం తర్వాత అమలులోకి వచ్చింది. దీనివల్ల జీతం పెరుగుతుంది గాని ఫీతీ పడదు. జీతం హవల్దారుది, చేతిపై గుర్తు నాయక్‌ది అన్న పరిస్థితి ఊళ్లో బంధువులకు ఎంత చెప్పినా అర్థంకాదని మాజీ సైనికులు నవ్వుకుంటారు. ప్రతిభ కనబరిచిన సీనియర్ సుబేదార్లకు, సుబేదార్ మేజర్లకు జనవరి 26, ఆగస్టు 15 తేదీల్లో గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ప్రకటిస్తారు. చదువు మీద పట్టున్న సిపాయికి మరో దారి కూడా ఉంది. దేహ్రాదూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కళాశాలకు ఎంపికైతే పూర్తిస్థాయి అధికారి కావచ్చు.

హోదాను బట్టే ఇంటిదారి

సాధారణ ఉద్యోగికి పదోన్నతి రాకపోయినా విరమణ వయసు మారదు. సైనికుడికి అలా కాదు. రెండేళ్ల పొడిగింపుతో కలిపి హవల్దారుకు 26 ఏళ్లు, నాయబ్ సుబేదారుకు 28, సుబేదారుకు 30, సుబేదార్ మేజర్‌కు 34 ఏళ్ల వరకు సర్వీసు ఉంటుంది. వయోపరిమితి కూడా హోదాతో పాటే పెరుగుతుంది. ఏ ఫీతీ పడని సిపాయి మాత్రం కనీస పింఛనుకు కావలసిన 15 ఏళ్లు నిండిన కొద్దికాలానికే, నలభై ఏళ్లు రాకముందే ఇంటికి చేరతాడు. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. అందుకే ఎందరో మాజీ సైనికులు బ్యాంకుల వద్ద, కర్మాగారాల వద్ద భద్రతా సిబ్బందిగా రెండో ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది.

‘ఒకే ర్యాంకు - ఒకే పింఛను’ విధానంతో ఈ లెక్కకు మరింత ప్రాధాన్యం వచ్చింది. 2015లో ప్రకటించి 2014 జులై 1 నుంచి వర్తింపజేసిన ఈ విధానం ప్రకారం ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో విరమించినవారికి ఎప్పుడు విరమించినా సమాన పింఛను అందాలి. హోదా ఒక్క మెట్టు తేడా ఉన్నా, సర్వీసు కొద్దిగా తేడా ఉన్నా పింఛను మారుతుంది. కాబట్టి డిశ్చార్జి పుస్తకంలోను, పింఛను ఉత్తర్వులోను హోదా, సర్వీసు, భార్య పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సైనికుడు జీవించి ఉండగానే సరిచూసుకోవడం మంచిది. తేడా ఉంటే తరువాత కుటుంబ పింఛనుకు తిరగవలసింది భార్యే. సవరణలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సంబంధిత రికార్డ్స్ కార్యాలయానికి దరఖాస్తు చేయవచ్చు.

అగ్నివీరుడి లెక్క వేరు

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. కొవిడ్ వల్ల భర్తీ ర్యాలీలు నిలిచిపోయి, పాత ర్యాలీల్లో పరుగు, వైద్య పరీక్షలు నెగ్గి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న యువకులు ఒక్కసారిగా దిక్కుతోచని స్థితిలో పడ్డారు. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో జరిగిన ఆందోళన హింసాత్మకమై, కాల్పుల్లో ఒక యువకుడు మరణించాడు.

కొత్త విధానంలో సేవ శిక్షణతో కలిపి నాలుగేళ్లు. శిక్షణ దాదాపు ఆరు నెలలకు తగ్గింది. అగ్నివీర్ అన్నది పాత హోదాలన్నింటికీ వేరుగా ఏర్పరిచిన హోదా. తొలి ఏడాది నెలకు 30 వేల రూపాయలు, నాలుగో ఏడాది 40 వేల రూపాయల ప్యాకేజీ. అందులో 30 శాతం సేవానిధికి జమ అవుతుంది. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్లు ముగిశాక వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు చేతికందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. ఒక్కో బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. వారు కనీసం మరో 15 ఏళ్లు పనిచేయాలి. ఫీతీల వరుసలోకి అడుగుపెట్టేది వారే. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో అగ్నివీరులకు 10 శాతం కోటా ఇస్తామని కేంద్రం 2022లోనే ప్రకటించింది.

ఎంపిక విధానమూ మారింది. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే ర్యాలీ. ఊరి చెరువుగట్టుపై 1.6 కిలోమీటర్ల పరుగు ఎంత సాధన చేసినా, పుస్తకం పట్టనివాడు మైదానం దాకా వెళ్లలేడు.

తొలి బ్యాచ్ 2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో శిక్షణలో చేరింది. ఆ లెక్కన వారి నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 ఆరంభంలో నిండుతుంది. ప్రతి నలుగురిలో ముగ్గురు పాతికేళ్లు అటూఇటుగా ఉండగానే ఇంటికి రావలసి ఉంటుంది. తాతకు అది పల్టన్‌లో తొలి ఫీతీ కోసం ఎదురుచూసిన వయసు. మనవడికి అది మరో ఉద్యోగం వెతుక్కునే వయసు. అందుకే తిరిగి వచ్చాక పనికొచ్చే డిగ్రీ గాని, డ్రైవింగ్, విద్యుత్, యంత్ర మరమ్మతుల వంటి ట్రేడ్ ధ్రువపత్రం గాని సర్వీసులో ఉండగానే సంపాదించుకోవాలని మాజీ సైనికులు సూచిస్తున్నారు. సేవానిధి చేతికి రాగానే ఇల్లో, బండో కొనడం కంటే రెండో జీవనోపాధికి దానిని పెట్టుబడిగా దాచుకోవడం మేలన్నది వారి మాట.