నాయకుడి పుస్తకం, ఊరి పుస్తకం

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం స్థానం నుంచి లోక్‌సభకు గెలిచిన వరాహగిరి వెంకటగిరి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. మధ్యలో ఆయనకు గట్టి దెబ్బ తగిలింది కూడా ఈ చుట్టుపక్కలే. 1957లో పార్వతీపురం నియోజకవర్గానికి రెండు సీట్లు, అందులో ఒకటి గిరిజనులకు రిజర్వు. ఓట్లు లెక్కిస్తే రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. రిజర్వు సీటుకు నిలబడ్డ మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో తీర్పు, జనరల్ సీటు గెలిచిన ఆ గిరిజనుడు డిప్పల సూరిదొర పక్షానే వచ్చింది. తర్వాత రెండేళ్లకే, 1961లో, జంట సీట్ల పద్ధతినే పార్లమెంటు రద్దు చేసింది.

పదవి నుంచి దిగాక గిరి ఇంగ్లీషులో ‘మై లైఫ్ అండ్ టైమ్స్’ పేరుతో ఆత్మకథ రాసుకున్నారు. అంత పెద్ద జీవితంలో పార్వతీపురం ఓటమి ఒక మజిలీ, అంతే. ఆ ఎన్నికను కొండవైపు నుంచి చూస్తే మాత్రం కథ వేరు. కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన నాయకుణ్ని ఒక గిరిజనుడు ఓడించాడు. ఆ గెలుపు అక్కడి జనానికి ఏమిచ్చింది, ఏమివ్వలేదు? మరో పదేళ్లకు అదే పార్వతీపురం ఏజెన్సీ ఎందుకు భగ్గుమంది? అది చెప్పే పుస్తకాలు వేరే అరలో ఉంటాయి.

తెలుగులో రాజకీయాల పుస్తకమంటే చాలామందికి నాయకుడి జీవిత చరిత్రే గుర్తొస్తుంది. అట్ట మీద నిండుగా బొమ్మ, ఆవిష్కరణ సభ, వేదిక మీద శాలువాలు. రెండో రకం పుస్తకానికి ఈ హంగులుండవు. కాల్పులు జరిగిన ఊరికో, ఎన్‌కౌంటర్ జరిగిన అడవికో నలుగురైదుగురు వెళ్లి, కనబడ్డ ప్రతి ఒక్కరినీ అడిగి తెలుసుకుని అచ్చేసే పలచటి పుస్తకం అది. నిజనిర్ధారణ నివేదిక అంటారు. ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవాలనుకునే పాఠకుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకదాన్ని మాత్రమే చదివితే సగం కథే తెలుస్తుంది.

నరసన్నపేట దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు సాగితే కోటబొమ్మాళి, టెక్కలి, పలాస వరుసగా వస్తాయి. ఆ పైన కొండల వైపు మందస, సముద్రం వైపు సోంపేట. కొద్ది గంటల ప్రయాణం. ఈ రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఊళ్లలో డెబ్బై ఏళ్ల వ్యవధిలో రైతుల మీద పోలీసు తుపాకులు మూడుసార్లయినా పేలాయి.

మొదటిది మందస జమీందారీలో. జమీందారీల సంగతి తెలియాలంటే టంగుటూరి ప్రకాశం దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఆయన ‘నా జీవితయాత్ర’ తెలుగు రాజకీయ ఆత్మకథల్లో ఇప్పటికీ హాయిగా చదివించే పుస్తకం. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచడం, నాటకాల్లో వేషాలు, రాజమండ్రి వకీలు జీవితం, పురపాలక రాజకీయాలు ఏవీ దాచుకోలేదు. మొదటి మూడు భాగాలు ఆయనవి. ఆయన పోయాక నాలుగోది విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం రాశారు. అక్కడ గొంతు మారుతుంది. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఉండే తెగింపు, ఎంత గొప్ప శిష్యుడికైనా గురువు గురించి రాసేటప్పుడు రాదు.

ప్రకాశం చేతి మీదుగా వచ్చిన ఇంకో పుస్తకం కూడా ఉంది. దాన్ని ఎవరూ పుస్తకంగా లెక్కవేయరు. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా ఉంటూ ఆయన అధ్యక్షత వహించిన జమీందారీ విచారణ సంఘం 1938లో ఇచ్చిన నివేదిక అది. భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేననీ తేల్చింది. దాని మీద చట్టం రాకముందే 1939లో, యుద్ధం కారణంగా, కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. రైతులు నమ్ముకున్న నివేదిక కాగితాల్లోనే ఆగింది. జమీందారీల రద్దు చట్టానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మధ్యకాలంలోనే, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అడవిలో కలప కొట్టుకున్నారని రైతులను పట్టుకోవడానికి వస్తే జనం అడ్డం తిరిగారు. నిండు గర్భిణి గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు. వీర గున్నమ్మగా ఆమెను జిల్లా ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆమె రాసుకున్న కాగితం ఒక్కటీ లేదు. ఆమె గురించి తెలిసేదంతా ఇతరులు చెప్పిందే.

అదే నేల మీద పెరిగిన నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న. సోంపేట పక్కన బారువ ఆయన ఊరు. ఆయన గురువు, గుంటూరు వైపు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా, 1967లో శ్రీకాకుళం నుంచే లోక్‌సభకు వెళ్లారు. రంగా ఆత్మకథ ‘ఫైట్ ఫర్ ఫ్రీడమ్’ ఆ మరుసటి ఏడాది వచ్చింది. గురుశిష్యులిద్దరూ రైతు రాజకీయాల్లో పండినవాళ్లే. అయితే సొంత పొలం ఉన్న రైతు సమస్య ఒకటి, పోడు భూమి కూడా షావుకారు చేతికి పోయిన గిరిజనుడి సమస్య ఇంకొకటి.

రంగా లోక్‌సభకు వెళ్లిన ఆ ఏడాదే, అక్టోబరు 31న, మొండెంఖల్లు సభకు బయల్దేరిన గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. తర్వాత నిందితులను కోర్టు వదిలేసింది. బడిపంతులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజన సంఘం దారి మారి సాయుధ పోరాటం వైపు మళ్లింది. బొడ్డపాడు నుంచి జముకుల కథ చెప్పుకుంటూ ఊళ్లు తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో చనిపోయాడు. 1970 జులైలో సత్యం, కైలాసం కూడా పోలీసుల చేతిలో హతమయ్యారు. ఈ చరిత్ర చదవాలనుకునేవారికి సుమంతా బెనర్జీ రాసిన ‘ఇన్ ద వేక్ ఆఫ్ నక్సల్బరీ’ ఒక మంచి దారి. పార్టీ సాహిత్యంలోని పూనకం లేకుండా, పోలీసు రికార్డుల్లోని కసి లేకుండా రాసిన పుస్తకం.

బతికున్నవాళ్ల మీద పార్వతీపురం కుట్ర కేసు నడిచింది. ఆ కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ న్యాయవాదుల్లో కె.జి. కన్నబిరాన్ ఒకరు. తెలుగులో ఆయన జ్ఞాపకాలు ‘24 గంటలు’గా వచ్చాయి. వాటిని కూతురు కల్పనా కన్నబిరాన్ ‘ద స్పీకింగ్ కాన్‌స్టిట్యూషన్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. కోర్టు బోనులో నిలబడ్డవాడి వైపు నుంచి రాజ్యాంగాన్ని చదవడం ఎలాగో ఆ పుస్తకం చూపిస్తుంది.

నిజనిర్ధారణ పుస్తకాలు ఆ రోజుల్లోంచే పుట్టుకొచ్చాయి. 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏర్పడింది. ఎమర్జెన్సీ తర్వాత, 1977లో, జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే సంఘం ఆంధ్రలోని ఎన్‌కౌంటర్ల మీద విచారణ చేసింది. కాళోజీ, కన్నబిరాన్ అందులో సభ్యులు. పోలీసు ప్రకటనను పక్కన పెట్టి ఊరి మనుషులను అడిగి రాసే పద్ధతి అక్కడ స్థిరపడింది.

ఆ పద్ధతి చెప్పడానికి తేలిక. బృందం ముందు బాధితుల ఇళ్లకు వెళ్తుంది. తర్వాత అవతలి పక్షం దగ్గరికి, ఆపైన తహసీల్దారు దగ్గరికి, స్టేషనుకు. కాల్పులు ఎన్ని గంటలకు జరిగాయి, ముందు హెచ్చరించారా, బాష్పవాయువు వాడారా, ఆర్డరు ఇచ్చిన మేజిస్ట్రేటు ఆ సమయానికి ఎక్కడున్నాడు, తూటా నడుముకు పైన తగిలిందా కింద తగిలిందా, పోస్టుమార్టం ఎవరు చేశారు... ఒక్కోటీ విడివిడిగా అడుగుతారు. భూమి తగాదా అయితే సర్వే నంబర్లు, పట్టా ఎవరి పేరున ఎప్పుడు ఇచ్చారు, సాగులో ఎవరున్నారు. సాయంత్రం విలేఖరులకు ఒక ప్రకటన. పుస్తకం నెలల తర్వాత వస్తుంది, అప్పటికి పత్రికలు ఆ ఊరిని మర్చిపోయి ఉంటాయి.

ఈ రకం రచనను తెలుగులో ఎత్తైన చోటికి తీసుకెళ్లినవాడు కె. బాలగోపాల్. గణితం చదువుకుని, వరంగల్‌లో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి ఊళ్లు తిరిగాడు. లెక్కల మాస్టారి అలవాటు రాతలో కనిపిస్తుంది: ఆధారం లేనిదే మెట్టు ఎక్కడు. ఉద్యమాల హింసను కూడా ప్రశ్నించాలా అన్న దగ్గర పౌరహక్కుల సంఘంలో వచ్చిన విభేదంతో, 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. దానికి రెండు వైపుల నుంచీ మాటలు పడ్డాడు. ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానికీ కేసు నమోదు చేయాలని 2009 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు ఇచ్చిన కేసులో వాదించినవాళ్లలో ఆయన ఒకడు. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు వెంటనే నిలిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో బాలగోపాల్ చనిపోయాడు.

తొమ్మిది నెలలు తిరిగేసరికి సోంపేట వచ్చింది. బీల అనే చిత్తడి నేల అంటే అక్కడి జనానికి చేపలు, వరి, పశువుల మేత, చుట్టూ ఊళ్లకు నీళ్లు. ప్రభుత్వ కాగితాల్లో అది బంజరు. అందులో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టడానికి ఒక ప్రైవేటు కంపెనీకి అనుమతులిచ్చారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని కొట్టేసింది. పొద్దున ఆ కబురు సోంపేటకు చేరి ఉంటే ఇద్దరు మనుషులు మిగిలేవారేమో. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల దగ్గర కథ మళ్లీ మొదలైంది: ఇంకో థర్మల్ కేంద్రం, మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. వీటి మీద హక్కుల సంఘాలు రాసినవి చదివితే, ఒక చిత్తడి నేల కాగితం మీద ‘పనికిరాని భూమి’గా ఎలా మారుతుందో అంచెలంచెలుగా తెలుస్తుంది. ఏ ముఖ్యమంత్రి జీవిత చరిత్రా చెప్పని విషయమిది.

అన్నిసార్లూ చంపింది పోలీసే కాదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మింపేటలో అయిదుగురు దళితుల్ని అదే ఊరి మరో కులంవాళ్లే చంపారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మిగిలిన భూమి సాగు దగ్గర గొడవ. అంతకు ముందు కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతలు ఉన్నాయి. కారంచేడు తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకున్న బొజ్జా తారకం రాసిన ‘పోలీసులు అరెస్టు చేస్తే’ ఇలాంటి పుస్తకాల్లో అన్నిటికంటే ఉపయోగపడేదని చెప్పవచ్చు. వారంటు, బెయిలు, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం లాంటివి కూలివాడికి అర్థమయ్యే మాటల్లో ఉంటాయి. చదవడం రానివాళ్లు చదివించుకుని విన్నా సరిపోతుంది.

ఈ రెండు అరల పుస్తకాలూ ఒకచోట కలిసిన సందర్భాలు అరుదు. న్యూయార్కు సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ సుజాత గిడ్ల 2017లో తెచ్చిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ అలాంటిది. పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి, అంటే కవి శివసాగర్, ఆమె మేనమామ. పుస్తకం ఒక నాయకుడి జీవిత చరిత్రగా నడుస్తూనే, అతని చెల్లెలు ఏ ఉద్యోగం కోసం ఎన్ని ఊళ్లు తిరిగిందో కూడా లెక్క చెబుతుంది. మామయ్య మీద అభిమానం ఉన్నా అతని లోపాలను దాచదు.

ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు. అయినా శాఖా గ్రంథాలయాల్లో ఇప్పుడు పోటీ పరీక్షల గైడ్లదే రాజ్యం. నాయకుల జీవిత చరిత్రలు ఒకటో రెండో కనబడతాయి, నివేదికలు దాదాపు కనబడవు. వాటిని సభల దగ్గర చేతికి చేతికి అమ్ముతారు, ప్రతులు అయిపోతే మళ్లీ వేయరు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణకర్తలు కొన్నిటిని నిలబెట్టారు. బాలగోపాల్ రాతలు మాత్రం ఆయన పేరుతోనే ఉన్న వెబ్‌సైటులో తెలుగులో, ఇంగ్లీషులో దొరుకుతాయి. ఫోన్ ఉంటే చాలు, కొనక్కర్లేదు.