క్రొత్త యింటికి కావలి కన్ను



ఇబ్రహీంపట్నము పేరు వినగనే పెద్దచెరువు తలపునకు వచ్చును. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలపు చెరువది. ఆయన పేరే యూరికిని నిలిచినది. నేడు హైదరాబాదునుండి సాగరు రోడ్డు వెంట వచ్చువారికి చెరువుకంటె ముందు కనబడునవి ప్లాట్ల హద్దురాళ్లును, క్రొత్త డాబాలును. పాత పెంకుటిల్లు విడిచి అట్టి డాబాలలో చేరినవారు మీలో పలువురుందురు. గృహప్రవేశమైన వారము దినములకే కుమారుడో, అల్లుడో వచ్చి గుమ్మమునకు కెమెరా గల కాలింగు బెల్లును, గోడ మూలలకు సి.సి. కెమెరాలను బిగించి పోవుట యిప్పుడు పరిపాటియైనది. వీనిని గూర్చియే నేటి ప్రసంగము.

పాత వాడకట్టులో కావలికి యంత్ర మక్కర లేకుండెను. అరుగుమీద కూర్చున్న ముసలివారే చాలును, క్రొత్త ముఖము వీధిలో ప్రవేశించిన వెంటనే “ఎవరింటికి నాయనా?” యని యడుగుదురు. ఆపైని తలారి, అతనిపై పోలీసు పటేలు నుండిరి. పటేలు పట్వారీల వ్యవస్థ 1980 దశకమున రద్దయ్యెను. అరుగులు ప్రహరీగోడలలో కలిసిపోయెను. క్రొత్త కాలనీలో ప్రక్కయింటివా రెవరో తెలియుటకే ఆరునెలలు పట్టును. ఆ లోటును పూడ్చుటకే ఈ కన్ను వచ్చినది.

ఇది పరదేశమున పుట్టినదే యైనను, దీని పుట్టుకకు కారణము మనకు బాగుగ అర్థమగును. న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు రాత్రులందు ఇంట ఒంటరిగ నుండవలసి వచ్చెడిది. పిలిచిన వెంటనే పోలీసులు వచ్చు పేట కాదది. ఆమెయు, భర్తయు కలిసి 1966లో తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రములు చేసి, వాని వెనుక జరుగు కెమెరా నమర్చి, వచ్చినవారిని పడకగదిలోని తెరపై చూచు ఏర్పాటును రూపొందించిరి. 1969లో దానికి పేటెంటు లభించెను. నేటి గంటయు నదే పని చేయును. తెరకు మారుగ సెల్‌ఫోను వచ్చినది. మీట నొక్కిన వెంటనే బొమ్మ వైఫై ద్వారా ఇంటి రౌటరునకు, అచ్చటినుండి కంపెనీవారి కంప్యూటర్లకు, తరువాత మీ ఫోనునకు చేరును. కుమారుడు డల్లాసులో నున్నను ఇబ్రహీంపట్నపు గుమ్మమున నిలిచినవానితో మాటలాడగలడు. అనగా బొమ్మ మీ యిల్లు దాటి పోవుచున్నదని గ్రహింపవలెను.

గంటను నాలుగడుగుల ఎత్తున, కెమెరాను ఎనిమిది తొమ్మిదడుగుల ఎత్తున బిగించుట మేలు. మరి ఎత్తైనచో తలపాగాలు తప్ప ముఖములు కనబడవు. తూర్పు పడమరలకు నేరుగ చూపినచో ఉదయసాయంకాలములందు ఎండ కంట గొట్టి మనిషి నల్లని నీడవలె కనబడును. రౌటరు లోపలి గదిలో నుండి, నడుమ రెండు మూడు గోడలున్నచో గంట మూగవోవును. కావున గోడకు రంధ్రము వేయకముందే ఫోనుతో ఆ చోట వైఫై అందుచున్నదో లేదో చూడవలెను. కరెంటు పోయినపుడు కెమెరాయు, రౌటరును రెండును ఆగిపోవును. ఇన్వర్టరునకు ఫ్యానును కలిపి రౌటరును మరచు ఇండ్లు పెక్కు గలవు! మెమరీ కార్డు నిండగనే పాత దృశ్యములు చెరిగి క్రొత్తవి వచ్చును; కావున దొంగతనము జరిగినచో ఆ దినముననే నకలు తీయించి యుంచుడు. అట్టి నకలు న్యాయస్థానమున చెల్లుటకు ధ్రువపత్రము కావలెనని భారతీయ సాక్ష్య అధినియమము, 2023, 63వ సెక్షను చెప్పుచున్నది. పోలీసుల నడిగి ఆ ప్రకారము చేయవలెను.

ఇక తాళపుచెవి సంగతి. ఈ కంటికి తాళము పాస్‌వర్డే. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డు మార్చని కెమెరాలలో, రౌటర్లలో లక్షలకొలది జొరబడినది. ఆ యేటి అక్టోబరు 21న వానినే సైన్యముగ నుపయోగించి అమెరికాలో ప్రసిద్ధమైన వెబ్‌సైట్లను స్తంభింపజేసిరి. ఆ కెమెరాల యజమానులకు ఆ యూసే లేదు. మన దేశమున 2025 ఏప్రిలునుండి అమ్మబడు సి.సి. కెమెరాలకు భద్రతా పరీక్ష నిర్బంధమైనది. అయినను పాస్‌వర్డు మార్చు పని మనదే. బిగించిన మెకానిక్కు ముందరనే దానిని మార్చి, అతని ఫోనులోని ఖాతా తొలగింపజేయుడు. కట్టిన యిల్లు కొన్నవారు, అద్దెకు చేరినవారు మరింత జాగరూకులై యుండవలెను. పాత యజమాని విడిచిపోయిన కెమెరా అతని ఖాతాలోనే యున్నచో, మీ గుమ్మము నతడు ఎక్కడినుండియైనను చూడవచ్చును. దానిని పూర్తిగ రీసెట్టు చేసి మీ పేర నమర్చుకొనుడు, కుదరనిచో విప్పివేయుడు.

నూరుమందికి తక్కువ కాకుండ కూడు దుకాణములు, హాళ్లు మున్నగువానికి 2013 నాటి ప్రజాభద్రతా చట్టము కెమెరాలను విధించి, దృశ్యములను 30 దినములు దాచవలెనన్నది. ఇండ్లకు ఆ నిర్బంధము లేదు. ఇంటివారికి వర్తించు మర్యాద వేరు. మీ కెమెరా ఎదురింటి వాకిలిని, ప్రక్కవారి బావిగట్టును, స్నానపుగది కిటికీని చూడరాదు. వ్యక్తి యొక్క గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిరి. చాటుగ దేహమును చిత్రించినవారికి ఐ.టి. చట్టము 66ఇ సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు కలుగవచ్చును. చట్టము మాట యటుంచినను, బిగించుటకు ముందు పొరుగువారిని పిలిచి ఫోనులో ఎంతవరకు కనబడునో చూపినచో సగము తగాదాలు పుట్టనే పుట్టవు.

కెమెరా దొంగను పట్టుకొనదు. చూచును, చెప్పును, అంతే. గడియ గట్టిదిగ నుండవలెను. ఓ.టి.పి. యడుగువాడు ఫోనులో వచ్చును గాని గుమ్మమునకు రాడు. వానికి ఈ గంట యడ్డుకాదు. అట్లు మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

కడపట మీకు సంబంధించిన మాట. దూరముననున్న పిల్లలు తల్లిదండ్రులయందలి ప్రేమచే హాలులో, ఒక్కొక్కచో పడకగదిలో కూడ కెమెరా పెట్టుచున్నారు. పడిపోయినచో తెలియునని వారి తలంపు. అది తప్పు కాదు. అయినను ఆ యింట బ్రదుకువారు మీరు. మిమ్ము నడుగక లోపల కన్ను పెట్టరాదు. అది యెప్పుడు చూచునో, మాటలు కూడ వినునో లేదో, ఎవరెవరి ఫోనులలో తెరచుకొనునో అడిగి తెలిసికొనుడు. ఆర్పు మీట యెక్కడ నున్నదో చూపించుకొనుడు. వలదని తోచినచో గుమ్మపు గంటయు, వరండా కెమెరాయు నుంచి, లోపలిదానిని విప్పించుడు.