హృదయ శస్త్రచికిత్సకు తోడ్పడు క్యాథిటరు

పంటకాలువ యొకచోట పూడినచో ప్రక్కగా వేఱొక కాలువ త్రవ్వి దిగువపొలమునకు నీరు పాఱించుట పల్నాటి రైతు లెఱిగిన పనియే. గుండెకు చేయు బైపాసు శస్త్రచికిత్సయు నిట్టిదే. హృదయకండరమునకు రక్తమునిచ్చు ధమని క్రొవ్వుచే మూసికొనినపుడు, కాలినుండి గాని ఱొమ్మునుండి గాని యొక రక్తనాళమును గైకొని, అడ్డును దాటించి, రక్తమునకు క్రొత్తత్రోవ నేర్పఱతురు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఫవలోరో యను వైద్యుడు కాలిసిరతో నీ పద్ధతిని నెలకొల్పెను.

నిమిషమునకు డెబ్బదిమాఱులు కొట్టుకొను గుండెపై వెండ్రుకవంటి దారముతో కుట్టుట యెట్లు? అందుచే పెక్కుసారులు గుండెను కొంతసేపు నిలిపివేయుదురు. అంతవఱకు గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రము చేయుచుండును. గుండెను నిలుపుటకు పొటాసియము గలిపిన చల్లని ద్రవమును ధమనులలోనికి పంపుదురు. ధమనియే మూసికొనియున్నచో నది యావలి కండరమునకు చక్కగా చేరదు. చేరనిచో నా భాగము శస్త్రచికిత్సవేళనే చెడిపోవచ్చును.

ఇచ్చట క్యాథిటరు తోడ్పడును. క్యాథిటరనగా మెత్తని సన్నగొట్టము. కొనయందు చిన్నబెలూనుగల యొక క్యాథిటరును గుండెవెనుకనున్న పెద్దసిరలో నుంచి, ద్రవమును వెనుకదారిని ఎక్కింతురు; మురుగుకాలువ వైపునుండి పొలము తడిపినట్లు. 1990 దశకమున వచ్చిన మఱియొకటి తొడధమనిగుండ బృహద్ధమనికి పోయి, బెలూనుతో రక్తము నడ్డగించి, ద్రవమును వదలును. దీనిచే ఱొమ్ముటెముకను నిలువున కోయక, ప్రక్కటెముకల నడుమ చిన్నకోతతోనే కొన్ని శస్త్రచికిత్సలు సాధ్యమైనవి.

ఈ విద్యకు మూలపురుషుడు జర్మనీదేశపు ఫోర్స్‌మన్. 1929లో, పెద్దలు వలదన్నను, తన చేతిసిరనుండి తన గుండెలోనికే గొట్టమును పోనిచ్చి ఎక్స్‌రే తీయించుకొనెను. 1956లో నోబెలు బహుమానము లభించెను. మన తెలుగునాట డాక్టరు సోమరాజుగారును అబ్దుల్ కలాంగారును, క్యాథిటరుతో ధమనిలో నిలుపు స్టెంటను లోహపుజాలిని 1990 దశకమున హైదరాబాదులో తక్కువవెలకు రూపొందించిరి. గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలో డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలేగారి బృందము 2015లో గుండె శస్త్రచికిత్సలు ప్రారంభించి, 2016లో గుండెమార్పిడియు గావించెను.

అయినను మాచర్లనుండి గుంటూరు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఎంత మంచి సాధనమైనను, చనిపోయిన కండరమును మరల బ్రదికింపజాలదు. కావున తలిదండ్రులారా, ఱొమ్మున బరువు, ఎడమచేతికి ప్రాకు నొప్పి, చెమట కలిగినచో వాయువని యింట నుండక వెంటనే 108ని పిలువుడు. విద్యార్థులారా, ఇంటిలో నీ మాట మొదట చెప్పవలసినవారు మీరే యని మా మనవి.