పిల్లవానికి చిన్న కుర్చీ



మిరప కల్లంలోనో, పత్తి ఏరేచోటనో తల్లి పనిలో ఉంటే రెండేండ్ల బిడ్డ ఎక్కడ కూర్చుంటాడు? నులకమంచంమీద కూర్చోబెడితే కిందపడతాడు. పెద్దల కుర్చీలో కాళ్లు గాలిలో వేలాడతాయి. దిగబోయి బోర్లా పడతాడు. వాని కొలతకు తగిన కుర్చీ ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చును.

మొట్టమొదట కర్ర సంగతి. అడవి పెరటిలోనే ఉన్నది గదా అని గొడ్డలి పట్టుకొని బయలుదేరవద్దు. భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతపు టేకు మంచిదే. కాని అడవి టేకు కొట్టితే కేసు తప్పదు. మీ పట్టా భూమిలోని టేకు చెట్టుకైనా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావలెను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాలవారికీ ఇదే చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చింది, కలపను చేర్చలేదు. ఇది మరువకండి.

మరి కర్ర ఎక్కడిది? పాత తలుపు, విరిగిన మంచంకోడు, బండి పట్టె ఇంట్లో ఉండే ఉంటాయి. ఏండ్ల తరబడి ఆరిన కర్ర అది. దానికి మించినది లేదు. మేకులు మాత్రం అన్నీ పీకివేయండి. పురుగుమందులు నిలవచేసిన పెట్టెల చెక్క ఎంత బాగున్నా వాడరాదు; పిల్లలు కుర్చీ అంచును కొరుకుతారు. సారపాక కాగితపు మిల్లుకు వెళ్లే జామాయిల్ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చీలుతుంది. ఈ పనికి అది కుదరదు. టేకులోనైనా చేవనే ఎంచండి. పైనుండే తెల్లచెక్కను చెదలు తింటాయి.

ఇక కొలతలు. బిడ్డను పీటమీద కూర్చోబెట్టి మడమనుంచి మోకాలి మడతవరకు కొలవండి. కూర్చునే చెక్క ఎత్తు అంతే. రెండు మూడేండ్ల బిడ్డకు సుమారు జానెడు, అంటే 9 అంగుళాలు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనవలెను. లోతు 9 అంగుళాలు, వెడల్పు 11, వీపుపట్టీ పైకొన నేలనుంచి 20 అంగుళాలు చాలును. లోతు ఎక్కువైతే వీపు ఆనదు, మోకాలు వంగదు.

కాళ్లు అంగుళంన్నర మందం ఉండాలి. వెనుక కాళ్లను మూడంగుళాల వెడల్పు చెక్కనుంచి కోయండి: కూర్చునే ఎత్తువద్ద ముందుకు, పైకొన అంగుళం వెనక్కు, అడుగు అంగుళంన్నర వెనక్కు ఉండేట్టు. అడుగు అలా వెనక్కు ఉంటేనే బిడ్డ వెనక్కు వాలినా కుర్చీ తిరగబడదు.

అడ్డబద్దలను మేకులతో కొట్టి సరిపెట్టవద్దు. ఎండకు, వానకు మేకు వదులై పైకి వస్తుంది. బద్ద కొసను మందంలో మూడోవంతుకు సన్నగా చెక్కి, కాలికి తొలిచిన బెజ్జంలో బిగువుగా దిగగొట్టండి. ముందుబద్ద, పక్కబద్ద ఒకే ఎత్తున కలిస్తే రెండు బెజ్జాలూ లోపల ఒకటై కాలు చీలుతుంది. అంచేత ముందు, వెనుక బద్దలను పక్కబద్దలకు పూర్తిగా కిందుగా అమర్చండి. కాలి కొసనుంచి అరంగుళమైనా వదిలి బెజ్జం తొలవండి. అతుకుకు అడ్డంగా ఎండు వెదురు చీల దించండి.

కూర్చునేందుకు నులక అల్లవచ్చును. అయితే చిన్నబిడ్డకు చెక్కే మేలు. తడిపితే కడిగి ఆరబెట్టవచ్చును. బద్దల నడుమ వేలు ఇరుక్కునే సందుగాని, తల దూరే సందుగాని ఉండరాదు. అంచులన్నీ గుండ్రంగా చిత్రికపట్టి, పేళ్లు లేకుండా గరుకు కాగితంతో రుద్దండి.

రంగు లేకున్నా నష్టం లేదు. పాత డబ్బాలో మిగిలిన రంగు వేయకండి, అందులో సీసం ఉండవచ్చు. ఇంటి రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 మించరాదన్న నియమం 2017లోనే అమలుకు వచ్చింది. అవిసెనూనె పలచగా రాసి బాగా ఆరనివ్వండి. నూనె తుడిచిన గుడ్డను ముద్దచేసి మూల పడవేస్తే తనంతతానే రాజుకోగలదు. పరిచి ఆరబెట్టి, తరువాతనే పారవేయండి.

బిడ్డను కూర్చోబెట్టే ముందు ఇరవై కిలోల ధాన్యపు మూట పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. కిర్రుమంటే అతుకు మళ్లీ బిగించవలెను.

చివరగా ఒక మాట. తనంతట తాను కూర్చోలేని పసిబిడ్డకు కుర్చీ వద్దు. కుర్చీలో పెట్టి తాడుతో కట్టడం అంతకన్నా వద్దు. నడిచే బిడ్డకు కుర్చీయే నిచ్చెన అవుతుంది. పొయ్యికి, బావి గట్టుకు, నీళ్ల తొట్టికి దూరంగా ఉంచండి. కుర్చీ ఎంత గట్టిదైనా కాపలా మనిషి కాదు సుమా!

గ్రామాలలో పనిచేసే సోదరులకు ఒక మనవి: మీ ఊరి వడ్రంగిచేత ఒక్క కుర్చీ చేయించి అంగన్‌వాడీలో ఉంచండి. చూచినవారే కొలతలు తీసుకుపోతారు.