ఆపరేటర్ సెలవు పెట్టిన రోజు మిల్లు

రెంజల్, బోధన్ మండలాల్లో వరి కోతలు మొదలయ్యాయంటే రైస్ మిల్లుల ముందు లారీలు బారులు తీరతాయి. ఒక్క షిఫ్టుతో నడిచిన మిల్లు రెండో షిఫ్టు పెట్టి, ఇంకో గోదాం కట్టి, బాయిలర్ బిగించుకునే సరికి యజమానికి కొత్త ఇబ్బంది ఎదురవుతుంది. మొన్నటిదాకా తన కళ్ల ముందు జరిగిన పని ఇప్పుడు రాత్రి రెండు గంటలకు, తను లేని చోట జరుగుతుంటుంది. పాత ఆపరేటర్ సెలవు పెడితే ఆ రోజు బియ్యం రంగు మారుతుంది, నూక పెరుగుతుంది. ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఇంకో సూపర్‌వైజర్‌ను పెట్టుకోవడం. కానీ ఆ సూపర్‌వైజర్ కూడా ఎవరో ఒకరి నోటిమాట మీదే ఆధారపడతాడు. ముందు కావలసింది, పని తెలిసిన మనిషి చేత ఆ పనిని దశలవారీగా కాగితం మీద పెట్టించడం. కంపెనీల్లో ఎస్‌ఓపీ అంటున్నది దీన్నే. ఇది పెద్ద కంపెనీలకే అని వదిలేయడం వల్ల మన దగ్గర చిన్న వ్యాపారాలు చాలా పోగొట్టుకుంటున్నాయి.

ధాన్యం తేమ సంగతే చూద్దాం. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ఈ అంకె రైతుకు తెలుసు, హమాలీకీ తెలుసు. ఆ అంకెను తీసే పద్ధతి మాత్రం మనిషిని బట్టి మారిపోతుంది. కుప్ప పైపొర ఎండకు ఆరిపోతుంది, అడుగున చెమ్మ నిలుస్తుంది. ఒకరు పైనుంచి పిడికెడు తీసి మీటర్లో పోస్తారు, ఇంకొకరు మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలివి తీస్తారు. అలా ఒకే కుప్పకు రెండు లెక్కలు వస్తాయి. రెండు పాయింట్ల తేడాయే కదా అనుకోవడానికి లేదు. 19 శాతం తేమ ఉన్న 100 క్వింటాళ్ల ధాన్యం 17 శాతానికి ఆరితే సుమారు 97.6 క్వింటాళ్లే మిగులుతుంది. 2025-26లో ‘ఏ’ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ లెక్కన వంద క్వింటాళ్ల మీద ఐదున్నర వేలకు పైగా నీళ్ల బరువు రైతు నెత్తినో మిల్లు నెత్తినో పడుతుంది. తేమ దగ్గర మొదలైన మాట తరుగు గొడవ దాకా వెళ్లేది ఇందుకే. రాసి పెట్టాల్సింది ఆరేడు వాక్యాలకు మించదు: కుప్ప పైన, నడుమ, అడుగున ఐదు చోట్ల గింజలు తీయాలి, కలిపి, తాలూ మట్టీ ఏరేయాలి, డ్రయ్యర్‌లోంచి వచ్చిన వేడి గింజలైతే చల్లారనివ్వాలి, మూడుసార్లు కొలిచి సగటు కట్టాలి, ధాన్యం తెచ్చినవాళ్లు చూస్తుండగా పుస్తకంలో ఎక్కించాలి. ఈ కాగితం కాంటా పక్కన గోడకు ఉంటే వాదన మనిషి మీదికి పోదు, పద్ధతి దగ్గరే తేలుతుంది. నిన్న చేరిన కుర్రాడు కూడా యజమాని బంధువు తెచ్చిన లోడును అలాగే కొలవగలుగుతాడు.

బోధన్‌కు షిఫ్టుల పని కొత్త కాదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరు ఉండేది. కోసిన చెరుకు నిలవ ఉన్నకొద్దీ అందులో తీపి తగ్గిపోతుంది కాబట్టి క్రషింగ్ మొదలైతే రాత్రీ పగలూ నడవాల్సిందే. రసం తీయాలి, సున్నం వేసి తేర్చాలి, చిక్కబరచాలి, పాన్‌లో పలుకు కట్టించాలి. ఒక చోట జరిగిన పొరపాటు నాలుగు దశల తర్వాత గానీ బయటపడదు. అలాంటి చోట దిగిపోయే షిఫ్టు ఎక్కే షిఫ్టుకు ఏం అప్పజెబుతుందన్నది ఎవరి జ్ఞాపకానికీ వదిలేయలేరు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. దాని కథ వేరే, అది ఇంత చిన్న చోట చెప్పేది కాదు. కానీ ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో షిఫ్టులు నడిపినవాళ్లు ఇంకా ఈ ఊళ్లలో ఉన్నారు. ఎదుగుతున్న మిల్లుల వాళ్లు వాళ్లను పిలిచి కూర్చోబెట్టి అడిగితే, హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్‌ను రప్పించే ఖర్చు మిగులుతుంది.

అనుభవం రాతకు లొంగదని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఉప్పుడు బియ్యానికి ధాన్యాన్ని 70 డిగ్రీల దగ్గరి వేడినీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెడతారు. ఆ తర్వాత ఆవిరి ఎంతసేపు పట్టాలన్నది పాత ఆపరేటర్ గింజను చూసి చెబుతాడు. అయితే ఆయన చూసేది మంత్రమేమీ కాదు, గింజ మీద పొట్టు విచ్చుకోవడం. దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి, ‘ఇలా విచ్చుకోగానే ఆవిరి ఆపాలి’ అని రాస్తే ఆయన చూపులో సగమైనా కొత్తవాడికి అందుతుంది. ఆరబెట్టడమూ అంతే. ఒకే ఊపున 14 శాతానికి దించితే గింజ పగులుతుంది. 16-18 దగ్గర ఆపి, కొన్ని గంటలు ఊరకుంచి, మళ్లీ ఆరబెట్టాలి. గింజ పగులుతుందన్న ఈ కారణాన్ని కూడా ఒక్క వాక్యంలో రాయాలి. కారణం తెలియని నియమాన్ని హడావిడి పడగానే వదిలేస్తారు.

కాగితాలున్న చోట మాత్రం ప్రమాదాలు జరగలేదా అన్న ప్రశ్న దీనికన్నా గట్టిది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూపిన లోపాల్లో ఒకటి, ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలవడం. పైపొరలు వేడెక్కుతున్న సంగతి ఆ కొలతలో కనిపించలేదు. సైరన్ ఉండి కూడా మోగలేదు. వరి కుప్ప దగ్గర ఎదురైన ప్రశ్నే ఇక్కడా ఉంది: కొలిచారు సరే, ఎక్కడ కొలిచారు? పని జరిగే చోటును చూడకుండా రాసిన విధానం ధీమా ఇస్తుంది గానీ రక్షణ ఇవ్వదు.

ఆసుపత్రుల అనుభవం కూడా ఇటే చూపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో తయారు చేసిన ఆపరేషన్ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో చెక్‌లిస్టు వచ్చాక చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో తేలింది. ఎందుకన్నదానిపై వాదనలు జరిగాయి. చేసేవాళ్లు దాన్ని తమదిగా తీసుకున్నారా, టిక్కులు పెట్టి పక్కన పడేశారా అన్నదే అసలు తేడా అని నా నమ్మకం.

అందుకే రాసే పని ఆఫీసు గదిలో మొదలుకాకూడదు. మన మిల్లుల్లో హమాలీలు చాలామంది బీహార్ నుంచి వస్తారు. రెంజల్ దాటితే మరాఠీ, బోధన్‌లో ఉర్దూ వినిపిస్తాయి. కాబట్టి ఒకే కాగితం తెలుగులోనూ హిందీలోనూ ఉండాలి, చదవలేనివాళ్లకు బొమ్మలతో ఉండాలి. రాశాక పని తెలియని మనిషి చేతికిచ్చి చేయించాలి. అతను ఆగిపోయిన చోటల్లా కాగితంలో లోపం ఉన్నట్టే. మార్చిన తేదీ, మార్చినవాళ్ల పేరు కింద ఉండాలి. వానాకాలానికీ యాసంగికీ ఒకే పేజీ సరిపోదు. వానాకాలం ధాన్యం చెమ్మతో వస్తుంది, యాసంగి ధాన్యం ఎండవేడికి పగిలి ముడి బియ్యం ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. యాసంగి పేజీని మార్చిలోనే సరిచూసుకోవాలి. ఏప్రిల్‌లో లారీలు వచ్చాక ఆపరేటర్‌కు కూర్చుని చెప్పే తీరిక ఉండదు.