పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ముందు

కొల్హార్‌లో చాలా ఇళ్లలో ఒకటే ఫోన్. పాఠం చూడమని దాన్నే పిల్లలకు ఇస్తాం. ఖాతా మనది కాబట్టి పాఠం అయ్యాక మనం చూసే వీడియోలే వాళ్ల ముందుకొస్తాయి. ఇందులో పిల్లల తప్పేముంది? యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ‘రిస్ట్రిక్టెడ్ మోడ్’ ఆన్ చేయండి. చాలావరకు ఆగుతాయి, అన్నీ ఆగవు. పిల్లలు దాన్ని తీసేయగలరు కూడా, అప్పుడప్పుడు చూస్తుండండి. పిల్లలకు వేరే ఫోన్ ఉంటే గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ పెట్టండి, ఉచితమే. కొత్త యాప్ వేయాలంటే మీ అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు.

పిల్లలూ, ఎవరైనా ఫోటో పంపమని బెదిరిస్తే భయపడొద్దు, వెంటనే అమ్మానాన్నలకో టీచరుకో చెప్పండి. పెద్దలు మాత్రం చెప్పిన పిల్లను కొట్టకండి. కొడితే రెండోసారి చెప్పదు. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, పోలీసులకు అవే ఆధారం. పిల్లల సహాయానికి 1098 నంబరు రాత్రీపగలూ ఉంటుంది, డబ్బులు పడవు.