ఫిర్యాదు వేరు, అప్పీలు వేరు

కచేరీలలో మనం నిత్యం వాడే మాటలు అనేకం ఫారసీ, అరబ్బీ భాషల నుండి వచ్చి, ఉర్దూకూ తెలుగుకూ ఉమ్మడి ఆస్తి అయినవే. అర్జీ, దరఖాస్తు, రసీదు, నకలు, తారీఖు, జవాబు - ఇవన్నీ అటువంటివే. 'ఫిర్యాదు' కూడా ఆ కోవలోనిదే. దానికి మూలమైన 'ఫర్యాద్' అన్న మాటకు ఆర్తనాదం, మొర అని అర్థమని మా ఉర్దూ విభాగపు మిత్రులకు వేరుగా చెప్పనవసరం లేదు. 'అప్పీలు' మాత్రం ఇంగ్లీషు నుండి న్యాయస్థానాల ద్వారా మనకు వచ్చినది. ఒక నిర్ణయం తప్పని ఆధారాలతో చూపి, దానిని మార్చవలసినదిగా కోరడం దాని అర్థం.

ఈ రెండు మాటలను మనం తరచు ఒకటిగానే భావిస్తాము. అన్యాయం జరిగినప్పుడు మనస్సు మొదట మొరపెట్టుకొంటుంది. అది మానవ సహజం. కాని మొర ఒక్కటే హక్కును తిరిగి తెచ్చిపెట్టదు. ఈ సంగతిని బ్రిటన్ దేశపు నిరుద్యోగ భృతి వ్యవస్థ ఆధారంగా వివరించడం మా ఉద్దేశం. మన ప్రాంతపు కుటుంబాలు పలువురి బంధువులు ఆ దేశంలో స్థిరపడి ఉన్నారు. విద్యార్థి వీసాపై వెళ్ళేవారికి సాధారణంగా అక్కడి ప్రభుత్వ భృతులు పొందే అర్హత లేదు. పౌరసత్వమో శాశ్వత నివాసపు హక్కో పొందినవారు మాత్రం, ఉద్యోగం పోయినప్పుడు ఆ కార్యాలయాల గడప తొక్కవలసి రావచ్చు.

బ్రిటన్‌లో 1911 నాటి జాతీయ బీమా చట్టం కొన్ని పరిశ్రమల కార్మికులకు నిరుద్యోగ భృతిని ఏర్పరచినది. వారానికి 7 షిల్లింగుల చొప్పున, సంవత్సరంలో 15 వారాలకు మించకుండా ఇచ్చేవారు. తగిన కారణం లేకుండా పని మానివేసినా, దుష్ప్రవర్తన వలన పని పోగొట్టుకొన్నా 6 వారాల పాటు భృతి ఉండదని ఆ చట్టమే చెప్పినది. అధికారి నిర్ణయం నచ్చనివారు విచారణ సంఘానికి వెళ్ళవచ్చునని కూడా అదే చట్టం చెప్పినది. అనగా భృతి, శిక్ష, అప్పీలు - ఈ మూడూ ఒకే సమయాన పుట్టినవి. శిక్షించే అధికారం ఉన్నచోట దానిని ప్రశ్నించే మార్గం కూడా ఉండవలెనన్నది అందలి సూత్రం.

నేడు అక్కడ ఈ భృతి ముఖ్యంగా 'యూనివర్సల్ క్రెడిట్' అనే పేరుతో అందుతున్నది. 2012 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం దీనికి ఆధారం. భృతి పొందే వ్యక్తి పని వెదకుతాననీ, పిలిచినప్పుడు కార్యాలయానికి వస్తాననీ ఒక ఒడంబడికను అంగీకరించవలెను. దానిని తప్పినట్లు తేలితే భృతిలో కోత పడుతుంది. ఈ కోతను వారు 'శాంక్షన్' అంటారు. మన కార్యాలయాలలో శాంక్షన్ అంటే మంజూరు. అక్కడ దాని అర్థం సరిగా తలక్రిందులు! చూపిన పనిని నిరాకరించడం వంటి పెద్ద తప్పుగా ఎంచినదానికి మొదటిసారి 91 దినాలు, సంవత్సరం లోపల మరల జరిగితే 182 దినాలు కోత ఉంటుంది. ఒకప్పుడు ఇది 3 సంవత్సరాల వరకు కూడా ఉండేది. 2019లో ఆ దీర్ఘ శిక్షను తొలగించారు. పిలుపుకు హాజరు కాకపోవడం వంటి చిన్న తప్పుకు, తిరిగి నియమం పాటించే దినం వరకు, ఆపైన మొదటిసారి అయితే 7 దినాలు కోత విధిస్తారు. అయితే హాజరు కాకపోవడానికి 'తగిన కారణం' ఉంటే కోత విధించరాదు. వాదమంతా సాధారణంగా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఉదాహరణను ఊహించుకొందాము. లెస్టర్ నగరంలో స్థిరపడిన మనవాడొకడు గిడ్డంగిలో పని పోగొట్టుకొన్నాడు. ఒక రాత్రి బిడ్డకు తీవ్రమైన జ్వరం వచ్చినందున ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాడు. ఉదయం 10 గంటలకు కార్యాలయానికి పోలేకపోయాడు. మరుసటి వారం వెళ్ళినప్పుడు అక్కడి ఉద్యోగి పదిమంది ఎదుట, "ఇటువంటి సాకులు రోజూ వింటూనే ఉన్నాము" అని తూలనాడాడు. కొన్ని దినాలకు కోత విధించినట్లు తాఖీదు వచ్చినది. అవమానంతో దహించుకొని పోయిన ఆ తండ్రి, ఆ ఉద్యోగి దురుసుతనాన్ని వర్ణిస్తూ నాలుగు పుటల ఫిర్యాదు వ్రాశాడు. ఆసుపత్రి సంగతి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. అయిదు వారాలకు జవాబు వచ్చినది: జరిగిన మాటలకు విచారిస్తున్నాము, కోత నిర్ణయం మాత్రం యథాతథంగా ఉన్నది. ఈలోగా నిర్ణయాన్ని ప్రశ్నించుటకు ఇచ్చిన నెల గడువు దాటిపోయినది. అతని గౌరవానికి ఒక క్షమాపణ లభించినది. ఇంటిలో పొయ్యి వెలగడానికి కావలసిన పైకం మాత్రం రాలేదు.

అతడు చేయవలసినది ఏమి? మార్గాలు రెండు, రెండింటినీ వేరువేరు కాగితాలపై నడపవలెను.

మొదటిది నిర్ణయంపై పోరాటం. నిర్ణయం తేదీ నుండి ఒక నెలలోగా, దానిని తిరిగి పరిశీలించవలసినదిగా ఆ శాఖనే కోరవలెను. ఆలస్యానికి తగిన హేతువు చూపగలిగితే 13 నెలల వరకు కూడా అంగీకరించే వీలున్నది. కాని అది శాఖ దయపై ఆధారపడినది కనుక, నెలను దాటనీయకుండుటే మేలు. అక్కడ కూడా న్యాయం జరగకపోతే, పునఃపరిశీలన జవాబు వచ్చిన ఒక నెలలోగా స్వతంత్ర ట్రిబ్యునలుకు అప్పీలు చేయవచ్చును. దానికి రుసుము లేదు. అక్కడ విచారించేవారు ఆ శాఖ ఉద్యోగులు కారు. వారి ముందు స్వయంగా హాజరై చెప్పుకొనే అవకాశం కూడా ఉన్నది.

ఈ కాగితంలో ఉండవలసినది కోపం కాదు, క్రమం. 'నన్ను అవమానించారు' అన్న వాక్యం ఇక్కడ పనికిరాదు. 'ఫలానా తేదీ రాత్రి బిడ్డను ఆసుపత్రిలో చేర్చితిని. ఆసుపత్రి చీటీ నకలు జతపరచితిని. ఫలానా గంటకు కార్యాలయానికి కబురు చేసితిని. ఇది తగిన కారణమని మనవి' - ఈ నాలుగు వాక్యాలే నాలుగు పుటల కంటె బలమైనవి.

రెండవది ప్రవర్తనపై ఫిర్యాదు. అవమానాన్ని దిగమింగి ఊరుకొనవలెనని మేము చెప్పము. తూలనాడిన ఉద్యోగిని ప్రశ్నించకుంటే అదే మాట రేపు మరొకరిని గాయపరుస్తుంది. మొదట ఆ శాఖకే వ్రాయవలెను. తుది జవాబు తృప్తికరంగా లేకుంటే ఆరు నెలలలోగా ఇండిపెండెంట్ కేస్ ఎగ్జామినర్‌ను ఆశ్రయించవచ్చును. అటుపిమ్మట 1967 నాటి చట్టంతో ఏర్పడిన పార్లమెంటరీ అంబుడ్స్‌మన్‌కు తమ పార్లమెంటు సభ్యుని ద్వారా నివేదించుకొనవచ్చును. అయితే ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియకనే మన ఊహలోని తండ్రి నష్టపోయాడు.

ఈ భేదానికి నిదర్శనం బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నది. బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివిన కెయిట్ రైలీ అనే యువతిని, నిరుద్యోగ భృతి పొందుతున్న కాలంలో, ఒక దుకాణంలో జీతం లేకుండా పని చేయమన్నారు. చేయకుంటే భృతి పోతుందన్నారు. ఆమె, మరొకరు న్యాయస్థానానికి వెళ్ళారు. ఇది బలవంతపు చాకిరీ అన్న వాదాన్ని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. కాని ఆ పథకాలను చట్టం కోరిన విధంగా నిబంధనలలో వివరించలేదనీ, కనుక నిబంధనలు చెల్లవనీ తీర్పు చెప్పినది. అంతకు ముందే, ఆ మార్చిలో, పార్లమెంటు పాత కోతలను చెల్లుబాటు చేస్తూ వెనుకటి తేదీ నుండి వర్తించే చట్టాన్ని చేసి ఉన్నది. అప్పటికే అప్పీలు వేసి ఉన్నవారి విషయంలో ఆ చట్టం న్యాయమైన విచారణ హక్కుకు విరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు ప్రకటించినది. ప్రభుత్వం 2020లో ఆ చట్టాన్ని సవరించవలసి వచ్చినది. బాధ అందరిదీ ఒకటే. రక్షణ మాత్రం గడువులో అప్పీలు దాఖలు చేసినవారికే లభించినది.

భాష రానివారు, వ్రాయలేనివారు ఏమి చేయవలెనన్న ప్రశ్న రావచ్చు. 1939లో ఆరంభమైన 'సిటిజెన్స్ అడ్వైస్' వంటి సంస్థలు అక్కడ ఉచితంగా సలహా ఇస్తాయి. అంతకు మించి, ప్రతి కుటుంబంలోనూ చదువుకొన్న బిడ్డ ఒకరైనా ఉంటారు. ఆ బిడ్డ మొదటి ధర్మం పెద్దల తరఫున కోపగించుకొనడం కాదు. తాఖీదుపై ఉన్న తేదీని చూడడం.

విద్యార్థి మిత్రులారా! దేశాలు వేరైనా కచేరీ గుమ్మం ముందు బీదవాని నిస్సహాయత ఒక్కటే. మన ఊరిలో రేషను కార్డు విషయంలోనైనా, ఉపకార వేతనం విషయంలోనైనా, నిర్ణయాన్ని వ్రాతలో అడగడం, తేదీ గుర్తించడం, నకలు దాచుకొనడం, రసీదు పుచ్చుకొనడం అలవరచుకొందాము. ఫిర్యాదు మన గౌరవాన్ని కాపాడుతుంది. అప్పీలు మన అన్నాన్ని కాపాడుతుంది. రెండూ కావలసినవే. కాని గడువు తరుముతున్న వేళ, అన్నానికి సంబంధించిన కాగితాన్ని ముందు వ్రాయడం వివేకవంతుల లక్షణం.